లైన్ కాకా, ఇవాళ ఏం కూర?

మొన్న బుధవారం పొద్దున తొమ్మిది దాటాక డ్యూటీలో ఉండగా నా ఫోన్ మోగింది. తెర మీద ‘లైన్ కాక’ అని పేరు పడింది. ఎత్తితే ఆయన గొంతు కాదు, ఆడగొంతు. “బిడ్డా, మీ కాక పోయిండు” అంది.

నేను నమ్మలేదు. దుఃఖంతో నమ్మలేకపోవడం వేరు, ఇది వేరు. నంబరు ఆయనదై గొంతు ఆయనది కాకపోతే ఒక్క ముక్క కూడా నమ్మొద్దని నాకు నేర్పింది ఆ మనిషే. పదకొండేళ్లుగా ఆ పాఠం నా ఒంట్లోకి ఇంకిపోయింది. “ఎవరు మాట్లాడేది?” అని గద్దించాను. అవతల మనిషి “నేను, మీ చిన్నమ్మను. పొద్దుగాల అంగడికి పోయి సొరకాయ తెచ్చిండు. చాయ్ తాగి కుర్చీల కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే...” అని ఏడ్చింది. సొరకాయ అన్న మాట వినగానే నాకు ఇక అనుమానం లేకపోయింది. సొరకాయ ఏమిటి, నమ్మడం ఏమిటి అని మీరు అనుకోవచ్చు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను మేడ్చల్ దగ్గర ఒక సబ్‌స్టేషన్లో ఆపరేటర్‌ని. మీ ఇంట్లో ఫ్యాన్ ఆగిపోగానే మీరు తిట్టుకునే మనుషుల్లో ఒకదాన్ని. మా పుట్టిల్లు తణుకు దగ్గర పల్లెటూరు, అత్తవారిల్లు భీమవరం. మా ఆయన ఉద్యోగం కోసం మచ్చ బొల్లారం వచ్చి, అక్కడి కాలనీలో ఇల్లు తీసుకుని, నాకూ ఈ ఉద్యోగం వస్తే స్కూటీ మీద రాకపోకలు మొదలుపెట్టాను. లైన్ కాకది గౌడవెల్లి. ఆ చుట్టుపక్కల స్తంభాలన్నీ ఆయన చేతుల మీదుగా నిలబడ్డవే. రిటైరై ఐదేళ్లయినా గౌడవెల్లిలో మొన్నటిదాకా కరెంటు పోతే జనం ముందు ఆయన ఇంటి తలుపే తట్టేవారు.

చేరిన మొదటి రోజు నేను ఆయన్ని “బాబాయ్ గారూ” అని పిలిచాను. ఆయన అటూ ఇటూ చూసి, “ఎవలను పిలుస్తున్నవ్ బిడ్డా?” అన్నాడు. “మిమ్మల్నే.” “గారు గీరు వొద్దు. బాబాయ్ అంటే నాకు సినిమాల ఉన్నట్టుంటది. కాకా అను.” అప్పటినుంచి కాక. ఊళ్లో వాళ్లు మాత్రం లైన్ కాక అనేవారు, లైన్‌మన్ కాబట్టి అనుకున్నాను. కాదట. ఆయన నోట్లో ఆ మాట అంతగా ఆడేది కాబట్టి.

కాక ఏడో తరగతి దాకా చదివాడు. “నాకొచ్చిన ఇంగ్లీషు ఒక్కటే మాట. దాంతోనే ఇన్నేండ్లు ఎల్లదీసిన” అని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాట లైన్. తీగ లైన్. గౌడవెల్లి స్టేషన్ మీదుగా పోయే రైలు పట్టాలు లైన్. రేషన్ షాపు ముందు నిలబడ్డది లైన్. ఎవరైనా కుర్రాడు కనిపిస్తే “ఏ లైన్ల ఉన్నవ్ర?” అని అడిగేవాడు, అంటే ఏం పని చేస్తున్నావని. వాడు ఆడపిల్లల కాలేజీ బస్సు వెనకాల బండి తిప్పుతున్నాడని తెలిస్తే “గా లైన్ బంద్ జేయి, షాక్ కొడ్తది” అనేవాడు. పెళ్లి సంబంధం కుదిరేటట్టుంటే “లైన్ల వడ్డది” అనేవాడు. తాగుడు మానేసిన తమ్ముడి గురించి “ఇగ లైన్ మీదికొచ్చిండు” అనేవాడు. మేస్త్రీ గోడకి పట్టే దారం లైన్, పొలంలో నాటు వేసే వరస లైన్, చేతిలో గీత లైన్. ఒకసారి నా చెయ్యి చూసి, “నీ లైన్ పొడుగున్నది బిడ్డా, నువ్వు రిటైరు గాకుండనే రిటైరైతవ్” అన్నాడు. ఆ మాటకి అర్థం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకీ తెలియదనుకుంటాను.

పై ఆఫీసు నుంచి వచ్చే సార్లు డెడ్‌లైన్ అనేవారు. ఫలానా పనికి శుక్రవారం డెడ్‌లైన్ అని. కాక బయటికొచ్చి నాతో, “నాకు డెడ్ లైన్ అంటే కరెంటు లేని తీగ. సారుకు శుక్కురారం. ఇద్దరికీ అదంటే భయమే” అనేవాడు. నవ్వి ఊరుకునేవాడు కాదు. వెంటనే గొంతు మార్చి, “గాని గుర్తు పెట్టుకో. బతికున్న లైను మనిషిని సంపదు, దాని జోలికి ఎవడూ పోడు గద. సచ్చిందనుకున్న లైనే సంపుతది” అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. వినడం వేరు, తెలుసుకోవడం వేరు.

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ‘లైన్ క్లియర్’ అడుగుతాడు. మేము ఆ లైన్‌కి కరెంటు ఆపేసి, పుస్తకంలో టైముతో సహా రాసి, ఒక నంబరు ఇస్తాం. పనైపోయి అందరూ కిందికి దిగాక, తీసుకున్నవాడే మళ్లీ ఫోన్ చేసి లైన్ క్లియర్ వాపస్ ఇస్తాడు. అప్పుడుగానీ నేను హ్యాండిల్ తిప్పి కరెంటు ఇవ్వకూడదు. ఒక చివర స్తంభం మీద అతను, ఇంకో చివర ప్యానెల్ ముందు నేను. మధ్యలో ఉన్నది ఒక ఫోను, ఒక మాట. అంతే.

నేను చేరి అప్పటికి ఏడాది కాలేదు. యాసంగి వరి ఈనే రోజులు. కాక గౌడవెల్లి వైపు లైన్ క్లియర్ తీసుకుని, పగిలిన పింగాణీ ఇన్సులేటర్లు మార్చడానికి వెళ్లాడు. పొద్దున పది నుంచి కరెంటు లేదు. కాలనీల నుంచి ఫోన్లు. ఫ్యాక్టరీ నుంచి ఫోన్లు. ఒకాయన నా పుట్టిల్లు ఎక్కడో కనుక్కుని మరీ తిట్టాడు. పదకొండున్నరకి ఫోన్ మోగింది. కాక నంబరే. “మేడం, పనైపోయింది, లైన్ ఇడ్వుమన్నడు” అంది అవతలి గొంతు. నేను పుస్తకంలో వాపస్ అని రాశాను. టైము వేశాను. లేచి వెళ్లి హ్యాండిల్ తిప్పాను.

తుపాకీ పేలినట్టు చప్పుడైంది. బ్రేకర్ ఒక్క క్షణంలో ట్రిప్ అయి పడిపోయింది. లోపల ఏదో దీపం వెలిగి ఆరింది. నేను అక్కడే నిలబడిపోయాను. లైన్ మీద ఏదో తగిలి ఉందని దాని అర్థం. ఆ ఏదో ఏమిటో ఆలోచించడానికి నా మనసు ఒప్పుకోలేదు. ఆయనకి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. నాలుగుసార్లు. ఆ తర్వాత ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నా జీవితంలో నేను అంతగా ఎవరి గొంతు కోసమూ కాచుకోలేదు, నా బిడ్డ పుట్టినప్పటి ఏడుపు కోసం కూడా.

చాలాసేపటికి ఫోన్ మోగింది.

“బిడ్డా, నేనే. బతికే ఉన్న. హ్యాండిల్ మల్ల ముట్టకు.”

నేను ఏమన్నానో గుర్తు లేదు. ఏడ్చి ఉంటాను.

జరిగింది ఇది. కాక ఒక స్తంభం దిగి, జామాయిల్ చెట్ల వెనకాల ఉన్న రెండో స్తంభం ఎక్కాడు. ఫోను బండికి తగిలించిన సంచిలో ఉండిపోయింది. బటన్ ఫోను, తాళం లేనిది. మడి ఎండిపోతోందని పొద్దుటి నుంచి అక్కడే కాచుకుని కూర్చున్న రైతు ఒకాయన, కాక కిందికి దిగడం చూశాడు, మళ్లీ ఎక్కడం చూడలేదు. పనైపోయిందనుకుని, మంచి చేస్తున్నాననుకునే, ఆ ఫోన్ తీసి నాకు చేశాడు. మరి కాక ఎలా బతికాడు? తీగని ముట్టుకునే ముందు దానికి అటొకటి ఇటొకటి ఎర్త్ రాడ్లు తగిలించే అలవాటు వల్ల. పొరపాటున కరెంటు వచ్చినా భూమిలోకి పోతుంది, బ్రేకర్ పడిపోతుంది. ఆ రాడ్లు బరువు. ఎండలో మోసుకు తిరగడం విసుగు. ఐదు నిమిషాల పనికి చాలామంది తగిలించరు. కాక ఒక్క నిమిషం పనికి కూడా తగిలించేవాడు. అందుకు తోటివాళ్లు ఆయన్ని వెక్కిరించేవారు కూడా.

మధ్యాహ్నం ఆయన బండి మీద వచ్చాడు. ఎర్త్ రాడ్డు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. దాని కొక్కెం కొస కరిగి నల్లగా గడ్డకట్టింది. “గిది సూడు” అన్నాడు. చూశాను. చూడలేకపోయాను. ఆయన మంచినీళ్లు తాగి, టిఫిన్ డబ్బా విప్పి, నా ఎదురుగానే కూర్చుని తీరిగ్గా అన్నం తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చి, “పుస్తకం తియ్యి. రాయి” అన్నాడు.

“ఏం రాయమంటారు కాకా?”

“ఏం జరిగిందో గదే. ఒక్క అక్షరం ఎక్కువొద్దు, తక్కువొద్దు.”

నేను బతిమాలాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, బతిమాలాను. చెట్టుకొమ్మ తగిలి ట్రిప్ అయిందని రాస్తే సరిపోతుంది కదా, ఎవరికీ ఏమీ కాలేదు కదా, కొత్త ఉద్యోగం, చిన్నపిల్ల తల్లిని అని. ఆయన నన్ను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

“నన్ను సంపుతుంటివి బిడ్డా” అన్నాడు మామూలుగా. “గా మాట పుస్తకంల లేకుంటే రేపు ఇంకోన్ని సంపుతవ్. అప్పుడు వాని దగ్గర రాడ్డు ఉంటదో ఉండదో.”

రాశాను. కళ్లు తుడుచుకుంటూ రాశాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. విచారణ రోజున కాక ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, ఎవరూ అడగకముందే, “ఫోను సంచిల ఇడిసిపెట్టింది నేను సార్. నా ఫోను నా నోరు. నోరు కింద పెట్టి పైకెక్కిన. సగం తప్పు నాది, రాస్కోండ్రి” అన్నాడు. ఇద్దరికీ మెమోలు ఇచ్చారు. నా మెమో ఏ పెట్టె అడుగున దాచానో కూడా చెప్పను. ఆయన తనది మడిచి ఎర్త్ రాడ్ల సంచిలో పెట్టుకున్నాడు. రాడ్డు తీసినప్పుడల్లా అది చేతికి తగలాలట.

ఆ తర్వాతి పని రోజున ఆయన ఫోన్ వచ్చింది. “లైన్ క్లియర్ కావాలె. గౌడవెల్లి. ఇయ్యాల గంగవాయిలి కూర పప్పు.”

“ఏమిటి కాకా?”

“ఏందేంది? నా టిఫిన్ల ఏం కూర ఉన్నదో నాకు ఎర్క, మీ చిన్నమ్మకు ఎర్క. ఇగ నీకు. పక్కన పెన్సిల్‌తోని రాస్కో. వాపస్ ఇచ్చేటప్పుడు గదే కూర జెప్త. కూర జెప్పనోనికి లైన్ ఇడ్వకు. నా నంబరైనా ఇడ్వకు. నా గొంతే అయినా ఇడ్వకు.”

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రాశాను. అలా మొదలైంది. రూల్స్ పుస్తకంలో నంబరుంటుంది, టైముంటుంది, సంతకం ఉంటుంది. అవన్నీ రాసేదాన్ని. వాటితో పాటు అంచున సన్నటి పెన్సిల్ రాతతో కూర. చుక్కకూర. వంకాయ. కోడిగుడ్డు పులుసు. ఉల్లిగడ్డ కారం. ఆయన కూర చెప్పి దిగాడని తెలియగానే పక్కన ఒక టిక్కు. కాక ఇంటి పొయ్యి మీద ఏం ఉడికిందో ఆ పుస్తకాలు తిరగేస్తే తెలిసిపోతుంది. చిన్నమ్మ పుట్టింటికి వెళ్లిన వారమంతా ‘పచ్చడి, పచ్చడి, పచ్చడి’ అని ఉంటుంది.

రెండేళ్లకి ఒక పరీక్ష వచ్చింది. శామీర్‌పేట రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్లో పెద్ద పెళ్లి. మధ్యాహ్నం ముహూర్తం. అదే లైన్ మీద కాక పనిలో ఉన్నాడు. పొద్దున “వంకాయ” అని చెప్పి ఎక్కాడు. పెళ్లివారు సారుకి ఫోన్లు, సారు నాకు ఫోన్లు. పన్నెండింటికి కాక ఫోన్ చేశాడు. గొంతు ఆయనదే, నంబరు ఆయనదే. “అయిపోయింది బిడ్డా, అందరం దిగినం. దొండకాయ. ఇడ్వు.”

“దొండకాయ కాదు కాకా.”

“ఏందే? దొండకాయే. ఇప్పుడే డబ్బా ఇప్పి తింటున్న.”

“నా పుస్తకంలో దొండకాయ లేదు. నేను ఇవ్వను.”

“నేనే గదనే మాట్లాడుతున్న!”

“మీరే చెప్పారు, మీ గొంతయినా ఇవ్వద్దని.”

ఆయన పెట్టేశాడు. సారు చేశాడు. కేకలేశాడు. నేను అంతకుముందు ఎవరి మీదా గొంతెత్తి ఎరగను. “సార్, మీరొచ్చి మీ చేత్తో తిప్పండి. నా చేత్తో తిరగదు” అన్నాను. సారు ఫోన్ పెట్టేశాడు. తిప్పడానికి ఎవరూ రాలేదు. కాసేపటికి కాక ఫోన్. ఈసారి నవ్వుతున్నాడు. పొద్దున డబ్బా విప్పి చూడకుండా, ఇంట్లో వంకాయలు చూశాను కదా అని వంకాయ అన్నాడట. మధ్యాహ్నం విప్పితే దొండకాయ. “వంకాయ” అన్నాడు. “వంకాయ, వంకాయ, మీ చిన్నమ్మ నన్ను ఆగం జేసింది. ఇగ ఇడ్వు.” టిక్కు పెట్టి హ్యాండిల్ తిప్పాను. ఆ ఇరవై నిమిషాలూ పెళ్లి చీకట్లో ఏమీ జరగలేదు, పట్టపగలే కదా. ఏసీ లేక పెళ్లికొడుకు చెమటలు తుడుచుకుని ఉంటాడు. కాపురం బాగానే చేస్తున్నాడని ఆశిస్తాను.

ఆ సాయంత్రం డ్యూటీ దిగే వేళకి కాక గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. “ఇగ నాకు పరేషాన్ లేదు బిడ్డా. అవతల దిక్కు మనిషి ఉన్నది” అన్నాడు. నాకు జీవితంలో వచ్చిన ప్రశంసాపత్రం అదొక్కటే. మెమో ఇచ్చినవాళ్లు ఎప్పుడూ ఏ పత్రమూ ఇవ్వలేదు, నాకు అక్కర్లేదు కూడా.

ఒక సీతాఫలాల కాలంలో ఆయన సంచి నిండా పండ్లు పట్టుకుని మచ్చ బొల్లారం మా ఇంటికి వచ్చాడు. మా అమ్మాయి అప్పుడు ఐదో తరగతి. లైన్ అనే ఇంగ్లీషు మాటతో ఐదు వాక్యాలు రాసుకు రమ్మని బడిలో చెప్పారట. పిల్ల రెండు రాసి పెన్ను కొరుకుతోంది. కాకకి ప్రాణం లేచొచ్చింది. “నాకొచ్చిన ఒక్క మాట అడిగిండ్రు, ఇయ్యాల నేనే సారును” అని పీట వేసుకు కూర్చున్నాడు. ఆయన తెలుగులో చెప్తుంటే పిల్ల ఇంగ్లీషులోకి మార్చి రాసుకుంది. అన్నీ కలిపి పదో పన్నెండో అయ్యాయి. మర్నాడు టీచరమ్మ అన్నిటికీ టిక్కులు పెట్టి, ఒక్కదానికి ఎర్ర అడ్డగీత పెట్టింది. లైన్ క్లియర్ వాపస్ ఇచ్చి తాత ఇంటికి వచ్చాడు అన్న వాక్యానికి. అలాంటి వాడుక లేదట. పిల్ల ఫోన్ చేసి కాకతో పోట్లాడింది, ఒక మార్కు పోయిందని. ఆయన అవతల పగలబడి నవ్వాడు. “మీ టీచరమ్మ సరిగ్గనే జెప్పింది బిడ్డా. గది పుస్తకంల ఉండదు. గాని గా ఒక్క దాంతోనే నేను రోజూ ఇంటికొస్తున్న. మిగిలినయి లేకున్నా నడుస్తది.”

తర్వాత నెమ్మదిగా ఇంకో మాట అన్నాడట. పిల్ల నాకు చెప్పింది. “ఏ లైనైనా ఒక్కటే బిడ్డా. గీ దిక్కు ఒకరు, గా దిక్కు ఒకరు పట్టుకోవాలె. ఒక్కరు ఇడిసిండ్రంటే అది ఉట్టి తాడు.” మా అమ్మాయి దాన్ని నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకుంది. దానికి టీచరమ్మ మార్కులు వేయలేదు.

రిటైరైన రోజున శాలువా కప్పుతారంటే ఆయన సాయంత్రం దాకా స్తంభం మీదే ఉన్నాడు. నాలుగింటికి ఫోన్ చేశాడు. “మటన్” అన్నాడు. “ఇయ్యాల మీ చిన్నమ్మ మటన్ వండింది. వాపస్ తీస్కో. నేను తీస్కున్నయన్నీ వాపస్ ఇచ్చినట్టే గద?” పుస్తకం వెనక్కి తిప్పాను. అన్ని కూరల పక్కనా టిక్కులున్నాయి. “ఒక్కటీ బాకీ లేదు కాకా” అన్నాను. “గంతే మల్ల” అన్నాడు.

ఆయన స్థానంలో వచ్చిన లైన్‌మన్ మహబూబ్‌నగర్ వైపు మనిషి, ముప్పై ఐదేళ్లుంటాయి. పెళ్లాం పిల్లలు ఊళ్లో. ఇతను బహదూర్‌పల్లిలో గది తీసుకుని కర్రీ పాయింటులో కొనుక్కు తింటాడు. కాక అతన్ని వారం రోజులు వెంట తిప్పుకుని పని చూపించి, చివర్లో ఈ కూర సంగతి చెప్పాడు. అతను తెగ నవ్వాడు. మొదటి నాలుగు రోజులూ నాకు “పప్పు” అనే చెప్పాడు. కాకకి తెలిసి నేరుగా అతని గదికి వెళ్లాడట. “రోజూ పప్పేనా? రోజూ ఒక్కటే అయితే ఎవడైనా జెప్తడు. రోజుకొక్కటి కొను. నీ పానానికి గా మాత్రం రుచి లేదా?” అని చీవాట్లు పెట్టాడు. ఇప్పుడు మా పుస్తకంలో అతనిది రోజుకొక కూర. మూడేళ్ల కిందట అతని నంబరు నుంచి ఎవరో ఫోన్ చేసి లైన్ ఇవ్వమన్నారు. “కూర చెప్పు” అన్నాను. అవతలివాడు తికమకపడి “ఏం కూర?” అన్నాడు. నేను ఇవ్వలేదు. అతను ఆ క్షణంలో స్తంభం మీదే ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి అతను నవ్వడం మానేశాడు. ఒక ఆదివారం కాక ఇంటికి వెళ్లి కాళ్లకి దండం పెట్టాడట. కాక చెప్పలేదు, చిన్నమ్మ చెప్పింది.

బుధవారం పొద్దున ఫోన్ పెట్టేశాక నేను లాగ్‌బుక్‌లో గంటగంటకీ రాయాల్సిన అంకెలు రాశాను. ఒక్కటీ తప్పలేదు. ఆ రోజు ఆయన నా ముందు కూర్చుని అన్నం తిన్నప్పుడు నేర్చుకున్నది అదే. పన్నెండున్నరకి ఈ లైన్‌మన్ గౌడవెల్లి నుంచి ఫోన్ చేశాడు. శ్మశానానికి వెళ్లే దారిలో మా లైను రోడ్డు దాటుతుంది. రోడ్డు రెండుసార్లు ఎత్తు పెంచారు, తీగ ఎత్తు పెరగలేదు. అక్కడ ఇంకో స్తంభం కావాలని కాక ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కాగితాలు రాశాడు. ఇప్పుడు ట్రాక్టర్ ట్రాలీ మీద వెదుర్లు కట్టి పూలతో ఎత్తుగా పాడె అలంకరించారు. దాటేటప్పుడు తీగకి తగలొచ్చు. సారు సరేనన్నాడని, పాడె అక్కడికి రాగానే లైన్ క్లియర్ కావాలని చెప్పాడు.

రెండింటికి నా షిఫ్టు అయిపోతుంది. తర్వాతి ఆపరేటర్‌కి విషయం తెలిసి ఒంటిగంటకే వచ్చేసింది. “మీరు వెళ్లండి అక్కా, ఆఖరి చూపు దక్కుతుంది. నేను చూసుకుంటాను” అంది. మంచి మనిషి. నేను వెళ్లలేదు. “ఈ ఒక్కటీ నేనే ఇస్తాను” అన్నాను. అక్కడ మోయడానికి భుజాలు చాలా ఉన్నాయి. ఇవతలి దిక్కున నేను ఉండాలి.

ఒంటిగంటన్నరకి ఫోన్ మోగింది. హ్యాండిల్ తిప్పి లైన్ ఆపాను. పుస్తకం తెరిచి నంబరు రాశాను, టైము రాశాను. పెన్సిల్ తీసుకుని, అలవాటు చొప్పున, “ఇవాళ ఏం కూర?” అన్నాను.

అతని వెనకాల డప్పులు వినిపిస్తున్నాయి. “నేను డబ్బా తేలే మేడం. ఇయ్యాల ఎవలు తింటరు? చిన్నమ్మను అడిగిన. కాక పొద్దుగాల సొరకాయ తెచ్చి పెట్టిండట. ఇంక కొయ్యనే లేదట. గదే రాయుండ్రి” అన్నాడు.

సొరకాయ అని రాశాను.

పదిహేడు నిమిషాలు. ఆ పదిహేడు నిమిషాలూ గౌడవెల్లిలో మోటార్లు ఆగాయి, ఫ్యాన్లు ఆగాయి. ఒక్క ఫోనూ రాలేదు. నన్ను ఎవరూ తిట్టలేదు. నేను ప్యానెల్ ముందు నిలబడే ఉన్నాను, హ్యాండిల్‌కి చెయ్యి తగలకుండా.

ఫోన్ మోగింది. అతని నంబరు. అతని గొంతు.

“సొరకాయ మేడం. కాకను దాటిచ్చినం. అందరం దూరం జరిగినం. ఇగ ఇడ్వుండ్రి.”

టిక్కు పెట్టాను. హ్యాండిల్ తిప్పాను. ఎర్ర దీపం వెలిగింది. మీటర్లో ముల్లు సున్నా దగ్గర ఒక్క క్షణం ఆగి, ఒక్కొక్క మోటారూ అందుకుంటున్నకొద్దీ మెల్లగా, కొంచెం కొంచెంగా పైకి లేచింది.